ఎనిమిదో వరసలో ఎవరు?

ఒక పెద్ద అడవిలో, అంటే ఎంత పెద్దదో కొలిచి చెప్పమని కమిటీ వేసి పదేళ్ళయినా నివేదిక రానంత పెద్ద అడవిలో, ఏటా ఎండలు ముదిరే వేళకి ఫుట్‌బాల్ పోటీలు జరిగేవి.

బంతి అంటే వెలగకాయే. ఎండి గట్టిపడ్డ కాయని కోతులు కోసి ఇచ్చేవి. మొదటి సంవత్సరం ఏనుగులు కూడా ఆడాయి. మూడు మ్యాచుల్లో మూడు బంతులు మింగేశాయి. బంతిని మింగేవాడు ఆటకి పనికిరాడని తేల్చి, ఏనుగు భూపతి గారిని ఎంపిక సంఘానికి అధ్యక్షుణ్ణి చేశారు. అప్పట్నించీ ఆయనే అధ్యక్షులు.

నిజానికి కప్పు కోసం ఎవరూ ఆడేవారు కాదు. అసలు గొడవంతా నల్లమడుగు గురించి. ఎండాకాలం వచ్చిందంటే అడవిలో సెలయేళ్ళన్నీ ఎండిపోయి ఒక్క నల్లమడుగులోనే నీళ్ళు మిగిలేవి. పోటీలు జరిగేది దాని ఒడ్డునే. ఎంపికైన ఎనిమిది జట్లూ తమ జాతి జనం మొత్తాన్ని వెంటబెట్టుకుని నలభై రోజులు అక్కడ విడిది చెయ్యొచ్చు. ఆ నలభై రోజులూ ఎంపికైన జాతిలో ఒక్క ప్రాణిని కూడా ఎవరూ తినకూడదు. కొండముచ్చులు నడవరు, అడవిపందులెక్కి వస్తారు గనక, జట్టుని మోసుకొచ్చే వాహనాలకి కూడా విడిది ఉంటుందని నియమావళిలో ఒక ముక్క చేర్చారు. మిగిలిన జాతులన్నీ మూడు కొండలు దాటి ఏటికి పోవాలి.

నీళ్ళకీ బంతికీ ఏమిటయ్యా సంబంధం అని ఒక గువ్వ అడిగిందట. దానికి క్రీడాస్ఫూర్తి లేదని చెప్పి నోరు మూయించారు.

ముంగిసల జట్టుకి కోచ్ నూకాలు. నడుం వంగినా నోరు వంగని రకం. నిరుడు ముంగిసలకి చోటు దక్కలేదు. కొండలు దాటబోయిన వాళ్ళలో తొమ్మిదిమంది ముసలివాళ్ళు దారిలోనే ఉండిపోయారు. అందులో నూకాలు తల్లి ఒకతె. చివరి ఘడియలో ఆవిడ నాలుక తడపడానికి ఒక్క చుక్క దొరకలేదు. వచ్చే ఏడు నా వాళ్ళు నల్లమడుగు నీళ్ళే తాగుతారని ఆ రాళ్ళ మీదే నూకాలు ఒట్టేసుకుంది.

ఒట్టేసుకున్నట్టే ఆడించింది. పోటీలకి ముందు ఆడిన పన్నెండు ఎంపిక మ్యాచుల్లో పది గెలిచారు. ముందువరసలో ఆడే పైడయ్య ఒక్కడే పద్ధెనిమిది గోల్స్ కొట్టాడు. ఓడిన రెండిట్లో ఒకటి అడవిదున్నలతో. ఆ రోజు దున్నలు బంతికీ గోల్‌కీపర్‌కీ తేడా పోల్చుకోలేకపోయాయి.

ఎనిమిది చోట్లలో మొదటి నాలుగూ నాలుగు దిక్కుల విజేతలవి. ఉత్తరాన అడవిదున్నలు, దక్షిణాన కొండముచ్చులు, పడమట రేచుకుక్కలు, తూర్పున పులులు. తూర్పున పులులతో ఆడటానికి మైదానంలోకి దిగేవాళ్ళు అరుదు గనక అవి నిద్రలోనే గెలిచేవి. ముంగిసల ఖర్మ కొద్దీ వాళ్ళదీ తూర్పే. మిగిలిన నాలుగు చోట్లూ ఎవరికివ్వాలో ఎంపిక సంఘం కూర్చుని తేల్చాలి.

ఎలా తేలుస్తుందో ఎవరికీ తెలీదు. సంఘానికి కూడా తెలీదని గిట్టనివాళ్ళు అనేవారు.

తెలియని సంగతి ఉన్నచోట చెప్పేవాడు పుట్టుకొస్తాడు. అలా పుట్టుకొచ్చినవాడే తొండ పరాంకుశం.

మడుగుకి దూరంగా, ఈ ఎంపిక మ్యాచులు జరిగే మైదానం పక్క గుట్ట మీద నల్లటి పలకరాయి ఒకటుంది. దాని మీద పరాంకుశం ప్రతి ఆదివారం సుద్దముక్కతో లిస్టు రాసేవాడు. నాలుగో వరస దాకా నేరుగా వచ్చేవాళ్ళు, ఎనిమిదో వరస దాకా సంఘం తీసుకోబోయేవాళ్ళు. కింద ఒక గీత. గీత కింద "గట్టు మీద" అని రాసి, లోపలికి దిగీ దిగకుండా ఊగుతున్న జట్ల పేర్లు రాసేవాడు. మూడేళ్ళుగా అతని జోస్యం ఎనిమిదికి ఎనిమిదీ నిజమైంది.

లెక్కలు ఎన్ని వచ్చినా పరాంకుశానికి మతిమరుపు జాస్తి. రాసుకోకపోతే ఆకలి కూడా గుర్తుండదు. అందుకని అదే రాతి మీద ఓ మూల "ఎండకి వీపు పెట్టాలి", "మధ్యాహ్నం: మిడతలు" అని కూడా రాసుకునేవాడు. చూసినవాళ్ళు అదీ లెక్కలో భాగమే అనుకునేవారు.

ఇంకో సుగుణం కూడా ఉంది. తొండ గనక అతని తల ఎప్పుడూ పైకీ కిందికీ ఊగుతూనే ఉంటుంది. ఎవరొచ్చి "మాకు చోటు వస్తుందా?" అని అడిగినా ఔనన్నాడనుకుని సంతోషంగా వెళ్ళేవారు. ఈ విధంగా అతను జీవితంలో ఎవరికీ కాదని చెప్పిన పాపాన పోలేదు.

పోటీలకి నాలుగు వారాల ముందు నూకాలు పైడయ్యని వెంటబెట్టుకుని గుట్టెక్కింది. చూస్తే ముంగిసలు గట్టు మీద మూడో పేరు.

"ఏం పరాంకుశం గారూ! పది గెలిచిన మేం గట్టు మీదా, ఒక్కటీ గెలవని జింకలు ఐదో వరసలోనా?"

"జింకలు పులులతో ఆరుసార్లు ఆడాయమ్మా."

"ఆడాయా! మైదానంలో ఈ కొసన దిగి ఆ కొసనించి పారిపోయాయి."

"ఏదైతేనేం, ఓడిపోయాయి. అంత గొప్ప జట్టు చేతిలో ఆరుసార్లు ఓడటమంటే మాటలా? ఇంతకీ నువ్వెవర్ని గెలిచావూ?"

"కుందేళ్ళని నాలుగుసార్లు, ఉడతల్ని మూడుసార్లు, అడవికోళ్ళని..."

"చూశావా, అందరూ ఓడిపోయేవాళ్ళే."

"మేం గెలిస్తే వాళ్ళు ఓడరేంటండీ మరి!"

"అదే నేనంటున్నదీను. నీ చేతిలో ఓడి వాళ్ళు పనికిమాలినవాళ్ళయ్యారు. అలాంటి పనికిమాలినవాళ్ళని గెలిచి నువ్వు..."

"చాలు, ఇంక చెప్పకండి," అంది నూకాలు.

పైడయ్య అడిగాడు. "అయితే అత్తా, మనం ఆ పదీ గెలవకుండా ఉంటే బాగుండేదా?"

"లెక్క ప్రకారం," అన్నాడు పరాంకుశం. తల మాత్రం ఊగుతూనే ఉంది.

నూకాలుకి ఒళ్ళు మండింది. కానీ తల్లి ఎండిన నాలుక కళ్ళ ముందు ఆడింది. కోపాన్ని దిగమింగుకుని, దారేమిటో చెప్పమంది.

"రెండే దార్లు. నువ్వు గెలిచినవాళ్ళు ఇకమీదట గెలవాలి. నువ్వు గొప్పవాళ్ళ చేతిలో ఓడాలి. వాళ్ళు గొప్పవాళ్ళయితే నీ గెలుపుకి విలువ. పులుల చేతిలో ఓడితే నీ ఓటమికి విలువ."

మర్నాడే నూకాలు కుందేళ్ళ దగ్గరికి వెళ్ళింది. వాళ్ళ కెప్టెన్ పేరు సింహాద్రి. పేరులో తప్ప అతనిలో సింహం ఎక్కడా లేదు. నూకాలుని చూడగానే బొరియలోకి దూరిపోయాడు.

"బయటికి రా నాయనా. మీకు ఆట నేర్పడానికొచ్చాను."

"నాలుగుసార్లు ఓడించింది చాల్లేదా పిన్నీ? ఇంట్లోకొచ్చి కూడా ఓడిస్తావా?"

కుందేళ్ళ జబ్బేమిటో నూకాలుకి తెలుసు. బంతి ఎదురొస్తే పారిపోతాయి. పుట్టుకతో వచ్చిన గుణం మాన్పడం దేవుడి తరం కూడా కాదు. అందుకని ఆవిడ మానమని చెప్పలేదు. "పారిపోండి, తప్పులేదు. కానీ అవతలి గోల్ వైపుకి పారిపోండి. బంతి వెనక పడితే వెనక్కాళ్ళతో ఒక్క తన్ను తన్నండి," అంది.

రెండు వారాల్లో కుందేళ్ళు వరసగా ఐదు మ్యాచులు గెలిచాయి. ఎటువైపు ఆడుతున్నారో తెలియక అవతలి జట్లు తెల్లబోయాయి. గోల్ పడ్డప్పుడల్లా అందరికంటే గట్టిగా ముంగిసలే చప్పట్లు కొట్టారు. సింహాద్రి మీసం దువ్వడం మొదలుపెట్టాడు. ఆరో మ్యాచ్ గెలిచాక దారిలో నూకాలు ఎదురైతే పలకరించకుండా వెళ్ళిపోయాడు.

ఇక పులులు. నూకాలు వణుకుతూ వెళ్ళి చేతులు జోడించింది.

"అయ్యా, తమ చేతిలో ఓడిపోదామని వచ్చాం."

పులుల కెప్టెన్ ఒక కన్ను తెరిచాడు. "ఓడిపోయామని రాసుకుని పొండి."

"అలా కుదరదండి. మైదానంలో ఓడాలి."

పులులు ఆవలించుకుంటూ మైదానానికి వచ్చి, నడిమధ్యన పడుకుని నిద్రపోయాయి. పదినిమిషాలు గడిచాయి. వాళ్ళు లేస్తేగదా గోల్ కొట్టడానికి! చేసేది లేక మన గోల్లోకి మనమే కొట్టుకోమంది నూకాలు. అక్కడ ఇంకో చిక్కొచ్చిపడింది. పాము కాటునే తప్పించుకునే జాతి కదా, ఎదురుగా ఏదొచ్చినా ముంగిస చెయ్యి దానంతటదే ఆడుతుంది. సొంతవాళ్ళు కొట్టిన బంతిని గోల్‌కీపర్ ఎనిమిదిసార్లు ఆపేశాడు. చివరికి అతని కళ్ళకి మోదుగాకులు కట్టారు.

పైడయ్య ఏడు గోల్స్ కొట్టాడు. ఏడోది కొట్టాక మొహం గడ్డిలో దాచుకుని ఏడ్చాడు. నూకాలు అటువైపు చూడలేకపోయింది. ఇంతలో రిఫరీ కొంగ ఆఖరి ఈల ఊదేసరికి, ఏడుపు కూడా ఆపి అందరూ చెట్లెక్కారు. ఆట జరుగుతున్నంతసేపే తినకూడదు, ఈల ఊదాక ఎవరి కాళ్ళ బలం వాళ్ళదే కదా.

ఆదివారం లిస్టు చూస్తే కుందేళ్ళు ఏడో వరసలో ఉన్నాయి. ముంగిసలు గట్టు మీదే, కాకపోతే మూడో పేరు కాస్తా మొదటి పేరయింది.

"ఇదేం న్యాయమండీ! వాళ్ళని నాలుగుసార్లు ఓడించింది మేం. వాళ్ళకి ఆట నేర్పింది మేం."

"నువ్వు పైకొచ్చావు కదమ్మా. వాళ్ళు ఇంకాస్త పైకెళ్ళారంతే."

"ఆరో వరసలో ఎలుగుబంట్లు ఎందుకున్నాయి? వాళ్ళు ఆట మధ్యలో తేనెపట్టు కనబడితే వెళ్ళిపోతారు."

"అందుకే వాళ్ళ మ్యాచులు ఏడు తేలకుండా ఉండిపోయాయి. తేలని ఫలితం చాలా బలమైందమ్మా. దాన్ని ఎటైనా అనుకోవచ్చు."

పరికించి చూస్తే ఎనిమిదో వరస ఖాళీగా ఉంది. అది మీరో అడవికోళ్ళో, వచ్చే ఆదివారం మీ ఇద్దరికీ ఉన్న ఆఖరి మ్యాచ్ చూసి రాస్తాను అన్నాడు పరాంకుశం.

నూకాలు అడిగింది. "ఇంతకీ ఆ మ్యాచ్ గెలవాలా, ఓడాలా?"

పరాంకుశం పొద్దు నడినెత్తికొచ్చేదాకా లెక్కలు వేశాడు. చివరికి, "గెలువు. మరీ గెలవకు," అన్నాడు.

ఆఖరి ఆదివారం వచ్చింది. ఎండకి మైదానం పెంకులా కాలుతోంది. ముంగిసల పిల్లలు చెట్ల వేళ్ళు నమిలి తడి పీల్చుకుంటున్నారు. పైడయ్య ఒకే ఒక్క గోల్ కొట్టాడు. రెండోది కొట్టే అవకాశం వస్తే బంతికి దణ్ణం పెట్టి పక్కకి తప్పుకున్నాడు. ఒకటీ సున్నా. గెలిచారు, మరీ గెలవలేదు.

ఆ కబురు పట్టుకుని నూకాలు గుట్టెక్కుతుంటే, దారిలో ఎంపిక సంఘం కార్యదర్శి నక్క ఎదురైంది. టేకాకు ఒకటి చంకలో పెట్టుకుని కూనిరాగం తీసుకుంటూ దిగుతోంది.

"ఏమండీ, ఇటొచ్చారు?"

"ఊరికే, గాలికి," అని వేగం పెంచింది నక్క.

పైన రాతి మీద అంగుళం ఖాళీ లేదు. వారమంతా వేసిన కూడికలు, కొట్టివేతలు మూలల దాకా పాకాయి. ఎనిమిదో వరసలో మాత్రం "చీమలు" అని రాసి ఉంది.

"ఇదేంటండీ!" అని కెవ్వుమంది నూకాలు.

పరాంకుశం మూతి తుడుచుకుంటూ రాతి వెనకనించి వచ్చాడు. "అదా? నా భోజనం. ఎక్కడా చోటు లేక అక్కడ రాసుకున్నాను. తినేశాను కూడా. మ్యాచ్ ఏమైంది?"

చెప్పింది. అతను తోకతో "చీమలు" తుడిచేసి, గుండ్రటి అక్షరాలతో "ముంగిసలు" అని రాశాడు. "నిశ్చింతగా వెళ్ళి మూటాముల్లె సర్దుకో తల్లీ. ఈసారి మీరే."

నూకాలు ఆ పేరు వైపు చాలాసేపు చూసింది. ఆ పూట అడవిలో చెమ్మ ఎక్కడన్నా ఉందంటే అది ఆవిడ కళ్ళలోనే.

సాయంత్రం ఎండ తగ్గగానే జంతువులన్నీ మైదానంలో చేరాయి. భూపతి గారు తొండం ఎత్తి గంభీరంగా ప్రకటించారు.

"సంఘం మూడు రోజులు అహోరాత్రాలు చర్చించింది. ఎవరి మాటా వినలేదు. ఎవరి లిస్టూ చూడలేదు."

నక్క టేకాకు విప్పి చదివింది. నేరుగా వచ్చిన నాలుగూ అయ్యాయి. ఐదు జింకలు, ఆరు ఎలుగుబంట్లు, ఏడు కుందేళ్ళు.

"ఎనిమిది..." అని నక్క ఆకుని కాస్త దూరంగా పెట్టి చూసి, దగ్గరగా పెట్టి చూసి, గొంతు సవరించుకుంది. "చీమలు."

అందరూ ఏనుగు వైపు చూశారు. నూకాలు ఒక్కతే గుట్ట వైపు చూసింది.

రాతి మీద "ముంగిసలు" అన్న పేరు తెల్లగా మెరుస్తోంది. దాని ముందు పరాంకుశం నిలబడి ఉన్నాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అతని తల ఊగడం ఆగిపోయింది. ఒక్క క్షణమే. తర్వాత తోక అటొకసారి, ఇటొకసారి ఆడింది. సుద్దముక్క గీసుకుంది.

"ఎనిమిదికి ఎనిమిది!" అని కేక పెట్టాడు పరాంకుశం. "నేను మధ్యాహ్నమే రాశాను!"

అబద్ధం కాదు, మధ్యాహ్నమే రాశాడు. జంతువులన్నీ గుట్ట వైపు తిరిగి చప్పట్లు కొట్టాయి.

నూకాలు ఒక్క పరుగున గుట్టెక్కింది. "అది నా పేరు పరాంకుశం గారూ. నా పిల్లల నీళ్ళు. తోకతో తుడిచేశారు."

"జోస్యం చెప్పేవాణ్ణమ్మా నేను. నీ పేరు ఉంచితే నా జోస్యం తప్పుతుంది. తప్పితే రేపట్నించి నా మాట ఎవరు వింటారు?"

"మీరు తిన్న తిండిని జట్టని చదివింది ఆ నక్క!"

"గట్టిగా అనకు," అని అటూ ఇటూ చూశాడు పరాంకుశం. "ఆకలి కూడా లెక్కే అనుకోరాదూ."

నూకాలు అటునించి అటే సంఘం దగ్గరికి పోయింది. భూపతి గారు ఈగలు తోలుకుంటూ విన్నారు.

"సంఘం ఎవరి లిస్టూ చూడదని చెప్పాం కదా."

"గుట్ట మీది పలకరాయి మేం కళ్ళారా చూసి ఎరగం," అంది నక్క.

"రాయి గుట్ట మీదుందని నేనన్నానా?" అంది నూకాలు.

నక్క ఆకాశంలోకి చూసింది. భూపతి గారు అందుకున్నారు. "చూడమ్మా, ఈ ఏడు ఒక్క మ్యాచ్ కూడా ఓడిపోని జట్టు అడవి మొత్తంలో చీమలొక్కటే."

"ఆడితే గదండీ ఓడటానికి!"

"అది వాళ్ళ వ్యూహం. అందులో సంఘం జోక్యం చేసుకోదు."

"జింకలు ఆరు ఓడాయి గదా మరి!"

"అవి గొప్ప ఓటములు."

"మేం పదకొండు గెలిచాం."

భూపతి గారు జాలిగా చూశారు. "గెలవడం ఎవరైనా గెలుస్తారమ్మా."

నూకాలు వెనుదిరిగింది. ఇంటికెళ్ళి ముసలివాళ్ళని లేపి, కొండలకి ప్రయాణం కట్టమంది. ఆవిడ మొహం చూస్తేనే అందరికీ అర్థమైంది.

మర్నాడు పొద్దున్నే కాలి దగ్గరనించి ఎవరో పిలిచారు. వంగి చూస్తే గండుచీమ అప్పలనర్స. చీమల పెద్ద. దాని వెనక నేల కనబడకుండా చీమలు.

"అమ్మా నూకాలమ్మా, మేమేదో పోటీకి ఎంపికయ్యామంట. ఫుట్‌బాల్ అంటే ఏటమ్మా? తినేదా?"

నూకాలు ఏడవాలో నవ్వాలో తెలియక కూలబడింది.

"అదీగాక మడుగు ఇక్కడికి ఆమడ దూరమంట. మా నడకన చేరేతలికి వానలు పడతాయి. కుందేళ్ళకి ఆట నేర్పినావని విన్నాం. మాకూ ఏదైనా దారి చూపించమ్మా."

నూకాలు చీమల్ని చూసింది. తన వాళ్ళ వీపుల్ని చూసింది. నియమావళిలో కొండముచ్చుల కోసం చేర్చిన ముక్క గుర్తొచ్చింది.

"పైడయ్యా!" అని పిలిచింది. "అందర్నీ వంగి నిలబడమను."

మూడో రోజుకి డెబ్భై ముగ్గురు ముంగిసలు నల్లమడుగు చేరారు. ఒక్కొక్కరి వీపు మీదా వేలకొద్దీ చీమలు. ముసలివాళ్ళ మీద కాస్త తక్కువ. ద్వారం దగ్గర పైడయ్య ఆగిపోయాడు.

"సిగ్గేస్తోంది అత్తా. పంతొమ్మిది గోల్స్ కొట్టినవాణ్ణి."

"దాహమేస్తోందా లేదా?"

"వేస్తోంది."

"అయితే నడు."

నక్క అడ్డొచ్చింది. "ఎవరు మీరు?"

"చీమల వాహనం," అంది నూకాలు తలెత్తి.

నక్క నియమావళి మూడుసార్లు తిరగేసి, దారి వదిలింది. ముంగిసలు మడుగు అంచున బారులుతీరి వంగి నీళ్ళు తాగారు. నూకాలు అందరికంటే చివర తాగింది. మొదటి దోసెడు తల్లి పేరు చెప్పి నేల మీద వదిలింది.

ఇక పోటీల సంగతి. "మీకేం చేతనవును?" అని నూకాలు అడిగితే, "మొయ్యడం," అన్నాయి చీమలు. "అయితే మొయ్యండి," అంది. ఆట నేర్పడం అంతటితో పూర్తయింది.

మొదటి మ్యాచ్ పులులతో. పదకొండుమందిని లెక్కపెట్టమంటే కొంగ పదకొండు దాకా లెక్కపెట్టి, మిగతావాళ్ళు చూడవచ్చినవాళ్ళనుకుని వదిలేసింది. ఈల ఊదగానే వెలగకాయ నేలకి నూలువాసి ఎత్తున లేచి, దానంతటదే నడుచుకుంటూ గోల్లోకి వెళ్ళిపోయింది. పులులు మోసం అని గర్జించాయి. కొంగ వంగి చూసింది.

"చేతులు వాడలేదే! అన్నీ కాళ్ళేనయ్యా. అదీ మనిషికి ఆరేసి."

అలవాటు చొప్పున మైదానం మధ్యన పడుకోబోయిన పులులు, పడుకున్నంత వేగంగానూ లేచి మడుగులో దూకాయి. ఆ తర్వాత ఆడిన జట్లన్నీ నిలబడే ఆడాయి, నిలబడే ఓడాయి. కప్పు చీమలకి వచ్చింది. భూపతి గారి చెవిలోకి అభిమానులు కొందరు పొరపాటున దూరడంతో, బహుమతి ప్రదానం ఆయన మడుగు అవతలి ఒడ్డునించే చేశారు.

పరాంకుశం పేరు అడవి దాటి పాకింది. అందరూ నవ్విన జట్టుని ముందే పసిగట్టాడని వేనోళ్ళ పొగిడారు. కానీ అతని బాధ అతనిది. ఎండలకి మిడతలు పోయాయి, పురుగులు పోయాయి, ఆ కాలంలో తొండకి మిగిలే తిండి చీమలొక్కటే. వాటిని నలభై రోజులు ముట్టకూడదు. ముక్కు కింద నుంచి బారులు తీరి పోతుంటే చూస్తూ కూర్చునేవాడు. నాలుక బయటికొచ్చేది, నియమావళి గుర్తొచ్చి లోపలికెళ్ళేది. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితిలో పడిందంటారే, ఇతనికి ఆ కుడితి కూడా దొరకలేదు.

ముప్ఫయ్యో రోజున పాక్కుంటూ నూకాలు దగ్గరికొచ్చాడు. "అమ్మా, ఎంపిక కాని పురుగు ఏదైనా ఉంటే చెబుదూ."

నూకాలు నోరు చెడ్డదే గానీ మనసు చెడ్డది కాదు. ముందు దొన్నెలో నీళ్ళు పోసింది. తర్వాత ఒక పుట్ట చూపించి, "చెదలు లిస్టులో లేవు, తినండి," అంది.

"ఉండు, మర్చిపోతాను," అని పరాంకుశం సుద్దముక్క తీసి, దగ్గరున్న రాయి మీద "చెదలు" అని రాసుకుని, అప్పుడు తినడం మొదలుపెట్టాడు. నూకాలు అతన్ని కాక, ఆ రాతని చూస్తూ కూర్చుంది.

మరుసటి ఏడు ముంగిసలు ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. పైడయ్య బంతి పట్టుకుని రోజూ అడిగేవాడు. "వద్దు, కాళ్ళు దాచుకో," అనేది నూకాలు. ప్రతి ఆదివారం మాత్రం గుట్టెక్కి, పరాంకుశానికి చెదల దొన్నె అందించి వచ్చేది. అతనికి అలవాటయిపోయింది.

ఆఖరి ఆదివారం పొద్దున ఖాళీ చేతులతో వెళ్ళింది.

"మధ్యాహ్నం భోజనం మా ముంగిసలే తెస్తారు. కొత్త పుట్ట దొరికింది. మర్చిపోయి ఎటన్నా వెళ్ళేరు, రాసుకోండి."

పరాంకుశం రాతి మీద చోటు వెతికాడు. మూలలన్నీ లెక్కలే. ఎనిమిదో వరస ఒక్కటే ఖాళీ. సుద్దముక్కతో అందులో "ముంగిసలు" అని రాసుకున్నాడు.

భోజనం వేళకి రాలేదు. టేకాకు చంకలో పెట్టుకుని నక్క గుట్ట దిగడం కళ్ళారా చూశాకే నూకాలు దొన్నె ఎత్తుకుని బయల్దేరింది.

సాయంత్రం భూపతి గారు తొండమెత్తి, సంఘం ఎవరి లిస్టూ చూడలేదని ప్రకటించారు. ఈ ఏడు ఒక్క మ్యాచ్ కూడా ఓడిపోని ఏకైక జట్టు అంటూ ముంగిసల్ని ఆకాశానికెత్తారు. గుట్ట మీద పరాంకుశం తోక కదపాల్సిన అవసరం కూడా రాలేదు. ముంగిసల ముసలివాళ్ళు ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు.

పైడయ్య మెల్లగా దగ్గరికొచ్చాడు. "అత్తా, పదకొండు గెలిచిన ఏడు రాని చోటు, ఒక్కటీ ఆడని ఏడు వచ్చింది. మరి నేను ఆడిన ఆటంతా ఏమైనట్టు?"

నూకాలు అతని తల నిమిరి, ముసలివాళ్ళ మూటలు ఎత్తుకోమంది.

నీతి: ఆట గెలవాలంటే బంతి మీద కన్నుంచు, చోటు కావాలంటే లిస్టు రాసేవాడి భోజనం మీద ఉంచు.